కాలని ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎవరు లెక్కపెడతారు? ఒక విద్యుత్ సబ్‌డివిజన్ కేస్ స్టడీ

నేపథ్యం

తెలుగు రాష్ట్రాల్లోని ఒక విద్యుత్ పంపిణీ సంస్థలో, వ్యవసాయ లోడ్ ఎక్కువగా ఉండే ఒక సబ్‌డివిజన్‌లో జరిగిన కేసు ఇది. సంస్థ పేరు, జిల్లా, సంవత్సరం చెప్పడం లేదు. మనుషుల్ని పోల్చుకునే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. పని వివరాల జోలికి మాత్రం పోలేదు, ఈ కేసులో నేర్చుకోవలసిందంతా వాటిలోనే ఉంది కాబట్టి.

నేను శిక్షణ, సంస్థాగత అభివృద్ధి రంగంలో పనిచేస్తాను. ప్రభుత్వ సంస్థల నుంచి నాకు వచ్చే పిలుపులు చాలావరకు ఒకేలా ఉంటాయి: "మావాళ్ళకి ఒక మోటివేషన్ క్లాసు తీసుకోండి సార్." ఇక్కడా అంతే. డివిజన్ చూసే డీఈ (డివిజనల్ ఇంజినీరు) గారు ఫోన్ చేసి ఒక పూట క్లాసు అడిగారు. క్లాసుకి ముందు సెక్షన్లు ఒకసారి చూసి వస్తానన్నాను. దానికి ఆయన పెద్దగా అభ్యంతరం చెప్పలేదు, ఉత్సాహమూ చూపలేదు.

సబ్‌డివిజన్‌కి ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీరు), ఆయన కింద సెక్షన్లు, సెక్షన్‌కి ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు). ఏఈ కింద లైన్ ఇన్‌స్పెక్టరు, లైన్‌మేన్లు, అసిస్టెంట్, జూనియర్ లైన్‌మేన్లు, వాళ్ళ వెంట ఔట్‌సోర్సింగ్ కుర్రాళ్ళు. ఒక్కో లైన్‌మేన్‌కి కొన్ని ఊళ్ళు, ఆ ఊళ్ళ పొలాల్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు. ఎక్కువగా 25, 63, 100 కేవీఏవి.

వచ్చిన సమస్య

రబీ మొదలైతే ట్రాన్స్‌ఫార్మర్లు వరసబెట్టి కాలిపోతున్నాయి. నియంత్రణ మండలి పెట్టిన సేవా ప్రమాణాల ప్రకారం కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ని పట్టణంలో 24 గంటల్లో, పల్లెలో 48 గంటల్లో మార్చాలి. నాటు వేసిన మడి ఎండుతుంటే రైతుకి 48 గంటలంటే చాలా ఎక్కువ. సబ్‌స్టేషన్ ముందు ధర్నాలు, పేపర్లో ఫొటోలు, పైనుంచి ఫోన్లు. పై అధికారుల మాట ఒకటే: "పనిచేసే బుద్ధి లేదు. జీతం ఆగదు, ఉద్యోగం పోదు. ఇంకెందుకు చేస్తారు?"

అప్పటికి మూడు మందులు వాడి చూశారు. ఒకటి మెమో. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఆ ఊరి లైన్‌మేన్‌కి "విధి నిర్వహణలో నిర్లక్ష్యం" అని మెమో వెళ్తుంది. అతను "రైతులు అనధికారికంగా మోటార్లు పెట్టుకున్నారు" అని సంజాయిషీ రాస్తాడు. రెండూ ఒకే ఫైల్లో చేరతాయి. రెండోది ఆగస్టు 15, జనవరి 26లకు ఇచ్చే ప్రశంసాపత్రం. అది వంతులవారీగా వస్తుందని అందరికీ తెలుసు. వచ్చినవాడు "ఈసారి నా వంతు" అంటాడు, రానివాడికి బాధ లేదు. మూడోది నాకంటే ముందు ఎవరో తీసుకున్న మోటివేషన్ క్లాసు. అందులో ఏం చెప్పారని అడిగితే, భోజనం బాగుందన్నారు.

బుద్ధి లేదా, వీలు లేదా?

ప్రేరణ లేదన్న నిర్ధారణను నేను సాధారణంగా వెంటనే నమ్మను. పనిలో కనిపించనంత మాత్రాన మనిషిలోనే లేదనుకుంటే, ఆ తర్వాత చేసే వైద్యమంతా మనిషి మీదే జరుగుతుంది. అందుకని ముందు ఒక చిన్న పని చేశాను. అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ సాధన ప్రేరణను, అంటే పనిని బాగా చేసి సాధించాలన్న తపనను, కొలవడానికి బొమ్మలు చూపించి కథలు చెప్పించేవాడు. నేను బొమ్మలు పట్టుకెళ్ళలేదు. "మీ సర్వీసులో బాగా చేశాననిపించిన పని ఒకటి చెప్పండి" అన్నాను, ఒక్కొక్కరినీ విడిగా కూచోబెట్టి.

మెమోల మీద మెమోలున్న ఒక లైన్‌మేన్ 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకి విశాఖ డ్యూటీకి వెళ్ళిన సంగతి ఎత్తుకున్నాడు. ఏ వీధిలో ఎన్ని స్తంభాలు పడ్డాయో, క్రేన్ లేని చోట తాళ్ళతో ఎలా నిలబెట్టారో, రాత్రి లైటు వెలిగినప్పుడు మేడల మీద జనం ఎలా కేకలు వేశారో చెబుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. విశాఖ వెళ్ళిన మిగతావాళ్ళూ ఆ కథే చెప్పారు. వెళ్ళనివాళ్ళ కథల్లోనూ ఏదో ఒక గాలివాన ఉంది. రోజువారీ పని ఏ ఒక్కరి కథలోనూ రాలేదు.

మనిషి అతనే, జీతం అంతే. తుపానులో ఉన్నదేమిటి, రబీలో లేనిదేమిటి? తుపానులో పని హద్దు తెలుసు: ఈ వీధి, ఈ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను). ఎలా చెయ్యాలో అక్కడికక్కడ తేల్చుకునే స్వేచ్ఛ ఉంది. ఫలితం సాయంత్రానికి కళ్ళ ముందు కనిపిస్తుంది, అది తన వల్లే అయిందని తనకీ చూసేవాళ్ళకీ తెలుసు. సాధన ప్రేరణ బలంగా ఉన్నవాళ్ళు కోరుకునేవి ఇవేనని మెక్‌లెలాండ్ చెప్పాడు: సొంత బాధ్యత, మరీ తేలికా మరీ అసాధ్యమూ కాని లక్ష్యం, ఫలితం వెంటనే తెలియడం. రబీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఇంకొకటి కూడా చూడాలనిపించింది. జాతరలో సబ్బుబిళ్ళల మీద రింగులు వేసే ఆట ఉంటుంది కదా, అలాంటిదొకటి, మేకుకి రింగులు వేసేది, సబ్‌స్టేషన్ ఆవరణలో పెట్టాం. ఎక్కడ నిలబడి వేస్తారో వాళ్ళ ఇష్టం. మొదటి విడత చాలామంది ఓ మాదిరి దూరంలో నిలబడ్డారు, తప్పితే నవ్వుకున్నారు. రెండో విడత ముందు ఏడీఈ గారితో ఒక మాట అనిపించాను: "స్కోర్లు రాసి ఆఫీసుకి పంపుతున్నాం." అంతే, ఎక్కువమంది మేకుకి జానెడు దూరంలోకి వచ్చి నిలబడ్డారు. ఒకరిద్దరు గోడ దాకా వెనక్కి వెళ్ళి ఎటో విసిరారు, అంత దూరం నుంచి తప్పితే ఎవరూ ఏమీ అనరు కదా! ఓటమి భయం పెరిగితే మనిషి నడిమి దూరాన్ని వదిలేసి ఈ కొసకో ఆ కొసకో పోతాడని మనస్తత్వవేత్త జాన్ అట్కిన్‌సన్ 1950ల్లోనే రాశాడు. ఆట అయ్యాక ఏడీఈ గారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అసలు క్లాసు ఆ పూట ఆయనకే అయిందనుకుంటాను.

లావు తీగ సంగతి

సెక్షన్లు తిరుగుతుంటే ట్రాన్స్‌ఫార్మర్ల ఎల్‌టీ (తక్కువ వోల్టేజి వైపు) ఫ్యూజు పెట్టెల్లో ఒకటి గమనించాను. వెయ్యాల్సిన గేజి తీగ బదులు చాలాచోట్ల లావు అల్యూమినియం పోగులు చుట్టి ఉన్నాయి. లోడ్ మితిమీరితే ఫ్యూజు పోవాలి, ట్రాన్స్‌ఫార్మర్ బతకాలి. లావు తీగ పెడితే ఫ్యూజు పోదు, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగచుట్ట (వైండింగు) కాలుతుంది. లైన్‌మేన్‌కి ఇది తెలియదా అంటే నాకంటే బాగా తెలుసు.

మరెందుకు చేస్తున్నట్టు? ఫ్యూజు పోతే రైతు ఫోన్ చేస్తాడు, లేదా విద్యుత్ ఫిర్యాదుల ఫోన్ నంబరు 1912లో ఫిర్యాదు పడుతుంది. ఆ ఫిర్యాదు లైన్‌మేన్ పేరు మీద, అదే రోజు లెక్కకొస్తుంది. లావు తీగ చుడితే కొన్ని వారాలు ఫిర్యాదే ఉండదు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ కాలినా ఆ నేరం ఓవర్‌లోడ్ మీదకీ, రైతుల మీదకీ, సప్లై రాగానే మోటార్లన్నిటినీ ఒక్కసారిగా తిప్పే ఆటోస్టార్టర్ల మీదకీ పంచబడుతుంది. మెమో వచ్చినా పక్క ఊరి లైన్‌మేన్‌కీ వచ్చింది కాబట్టి అది పెద్ద అవమానం కాదు. లెక్కకొచ్చే చిన్న తప్పు తప్పించుకోవడానికి లెక్కకు రాని పెద్ద నష్టాన్ని ఒప్పుకున్నాడు. దీన్ని సోమరితనం అనలేం. కొలత ఎటు తోస్తే మనిషి అటే నడిచాడు.

లైన్‌మేన్లలో పెద్దాయన ఒక మాటన్నాడు: "సార్, కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌కి మెమో ఉంది. కాలకుండా చూసినదానికి ఏముంది?" నా నోట్సులో ఆ మాట కింద గీత గీసుకున్నాను. ముందుజాగ్రత్త పని బాగా జరిగితే ఏమీ జరగదు. ఏమీ జరగనిదాన్ని ఎవరూ చూడరు. ప్రజాసేవా సంస్థల్లో, అది పారిశుద్ధ్యమైనా టీకాలైనా చెరువు గట్లైనా, సగం పని ఇలాంటిదే.

క్లాసు ఎందుకు వద్దన్నాను

సాధన ప్రేరణను శిక్షణతో పెంచవచ్చన్నదానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. 1964లో మెక్‌లెలాండ్ బృందం హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఎస్‌ఐఈటీ (ఇప్పటి ఎన్‌ఐ-ఎంఎస్ఎంఈ) తోడుగా కాకినాడ చిన్న వ్యాపారులకు ఈ శిక్షణ ఇచ్చింది. శిక్షణ పొందినవాళ్ళు తర్వాత కొత్త వ్యాపారాలు మొదలుపెట్టడంలోనూ, పెట్టుబడులు పెట్టడంలోనూ ముందున్నారు. డీఈ గారికి ఇది చెబితే "అదే కదా నేనూ అడుగుతున్నది" అన్నారు.

కానీ కాకినాడ వ్యాపారికి శిక్షణలో పుట్టిన ఉత్సాహం పెట్టడానికి సొంత దుకాణం ఉంది. సరుకు మార్చాలనుకుంటే రేపే మార్చగలడు, లాభనష్టాలు నెలాఖరుకి తన గల్లాపెట్టెలోనే కనిపిస్తాయి. లైన్‌మేన్‌కి ఫ్యూజు తీగ కావాలన్నా స్టోర్సుకి ఇండెంటు వెళ్ళాలి. ఉత్సాహం పెంచి, దాన్ని పెట్టే చోటు చూపించకపోతే మిగిలేది విసుగు. కాబట్టి ముందు పనిని మారుద్దాం, క్లాసు అవసరమైతే తర్వాత చూద్దామన్నాను.

వేగం బోర్డు

డీఈ గారికి నా మాట పూర్తిగా రుచించలేదు. ఫలితం వెంటనే తెలియాలంటే తేలిక దారి ఉందిగా అని ప్రతి సెక్షన్‌లో ఒక బోర్డు పెట్టించారు: ఫిర్యాదు వచ్చాక ఎవరు ఎంతసేపట్లో కరెంటు ఇచ్చారన్నది లైన్‌మేన్ల వారీగా. లక్ష్యం స్పష్టం, ఫలితం అదేరోజు, పేరు పక్కనే అంకె. పుస్తకం ప్రకారం చూస్తే ఏ లోపమూ లేదు. నిజంగానే వేగం పెరిగింది.

ఒక ఊళ్ళో కుర్రాడు ఎల్‌సీ తీసుకోకుండా ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కి సప్లై ఆపే స్విచ్) మాత్రం లాగి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కాడు. ఎల్‌సీ (లైన్ క్లియర్) అంటే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఫీడరు ఆపించి, నంబరు రాసుకుని, ఎర్త్ రాడ్లు తగిలించి అప్పుడు ఎక్కాలి. దానికి పట్టే సమయం బోర్డు మీద అతని పేరు పక్కనే పడుతుంది. స్విచ్‌లో ఒక బ్లేడు పూర్తిగా విడిపోలేదు. కింద ఉన్నతను తలెత్తి చూసి అరవబట్టి సరిపోయింది. ఏడీఈ గారు ఆ సాయంత్రమే బోర్డులన్నీ దింపించారు.

ఈ వృత్తిలో గెలవాలన్న కోరికను వేగానికి ముడిపెట్టకూడదు. తొందరపడితే అంకె బాగుపడే కొలత ఏదైనా స్తంభం మీద ప్రాణం తీస్తుంది. మాకు కావలసింది తొందరపడితే లాభం లేని కొలత. కాలని ట్రాన్స్‌ఫార్మర్ సరిగ్గా అలాంటిది. రబీ అంతా నింపాదిగా కాపాడుకొస్తేనే ఆ అంకె వస్తుంది.

పనిచేసినది

ఒక సెక్షన్‌నే తీసుకున్నాం. లైన్‌మేన్లతో కూర్చుని, ఎవరి ట్రాన్స్‌ఫార్మర్లలో ఏవి ఈ రబీ కాలే ప్రమాదంలో ఉన్నాయో వాళ్ళనే గుర్తుపెట్టమన్నాం. అందులోంచి "వీటిని నేను దాటిస్తాను" అనుకున్నవి వాళ్ళే ఎంచుకున్నారు. ఎన్ని అన్నది మేం చెప్పలేదు. చెప్పి ఉంటే రింగులాట రెండో విడతే మళ్ళీ జరిగేది. కొందరు రెండు మూడింటితో ఆగారు, హుద్‌హుద్ కథ చెప్పినాయన తన ఊళ్ళలో బాగా చెడ్డవాటిని ఏరి మరీ తీసుకున్నాడు.

ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్‌కి నోటు పుస్తకంలో ఒక పేజీ. టాంగ్ టెస్టర్‌తో (తీగకి తగిలించి కరెంటు కొలిచే పరికరం) మూడు ఫేజుల లోడ్, ఆయిల్ మట్టం, బ్రీదర్ (లోపలికి వెళ్ళే గాలిలో తేమ పీల్చే భాగం) ఉన్నవాటిలో సిలికాజెల్ నీలంగా ఉందా తేమ పట్టి గులాబీ రంగుకి తిరిగిందా, ఎర్త్ పిట్‌లో (ఎర్తు దిగే గుంటలో) తడి ఉందా, ఫ్యూజులో ఏ తీగ ఉంది. వారానికోసారి చూసి తన చేత్తో తనే రాయాలి. సెక్షన్ మొత్తానికి ఒక్క టాంగ్ టెస్టరే పనిచేస్తోందని మొదటి వారమే బయటపడింది. అది ఎన్నాళ్ళుగా ఉన్న సమస్యో, అడిగినవాడు లేక ఎవరూ చెప్పలేదు.

పేజీలు మొదలుపెట్టే ముందు ఏడీఈ గారు ఒక కాగితం రాసి సంతకం చేశారు: ఈ పుస్తకంలో రాసిన ఏ విషయం ఆధారంగానూ ఎవరికీ మెమో ఇవ్వబడదు. మొత్తం కేసులో ఇదే నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టిన అంశం. "లావు తీగ ఉంది" అని లైన్‌మేన్ తన చేత్తో రాయాలంటే, ఆ రాత తన మెడకి చుట్టుకోదన్న నమ్మకం ఉండాలి. మొదటి రెండు వారాలూ అందరి పేజీల్లోనూ తీగలన్నీ సరైనవే! మూడో వారం ఒకరు నిజం రాశారు. ఏమీ జరగలేదు. ఆ తర్వాత పేజీలు చదవదగ్గవిగా తయారయ్యాయి.

ఏఈ సంగతి వేరుగా చెప్పాలి. చురుకైన కుర్రాడు, పని నేర్చినవాడు. ఎక్కడ లోడ్ ఎక్కువుందంటే అక్కడికి టెస్టర్ పట్టుకుని తనే బయల్దేరేవాడు. అతనికి సాధన ప్రేరణ నిండుగా ఉంది, చిక్కంతా అక్కడే వచ్చింది. సాధించాలన్న తపన ఎక్కువగా ఉన్న మేనేజర్లు పనిని మనుషుల చేత చేయించే బదులు తామే చేసేస్తారని మెక్‌లెలాండ్ 1976లో డేవిడ్ బర్న్‌హామ్‌తో కలిసి రాశాడు. ఏఈ వెళ్ళిన ప్రతిచోటా ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఏఈ గారిదైపోయేది, లైన్‌మేన్ పక్కన నిలబడి చూసేవాడు. అందుకని అతనికి వేరే లక్ష్యం పెట్టాం. వారం వారం కూర్చున్నప్పుడు ప్రతి లైన్‌మేన్‌నీ "మీ పని ఎక్కడ ఆగింది? నేనేం తెప్పించాలి?" అని అడగాలి. స్టోర్సు నుంచి రావలసినవి ఎన్ని వచ్చాయన్నదే అతని స్కోరు, అతనికీ ఒక పేజీ. నోటు పుస్తకం కంటే ఏఈకి పేజీ ఉండటమే తమకి నచ్చిందని తర్వాత లైన్‌మేన్లు చెప్పారు.

ఎల్‌సీ నంబరు రాయని పని లెక్కలోకి రాదన్న నిబంధన మొదటి రోజు నుంచీ ఉంది. ఒకరితో ఒకరికి పోలిక లేదు. చెరువు కింద ఊరికీ, బోర్ల మీద బతికే ఊరికీ పోటీ పెడితే బోర్ల ఊరి లైన్‌మేన్ మొదటి రోజే ఓడిపోతాడు. ఎవరి అంకెకైనా నిరుటి తన అంకెతోనే పోలిక.

రైతుల భాగం మేం అనుకున్నదానికంటే పెద్దదైంది. ప్రతి ఎంచుకున్న ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీద లైన్‌మేన్ పేరు రాయించాం. లోడ్ పేజీ చూపించి రైతులతో మాట్లాడటం లైన్‌మేన్లే మొదలుపెట్టారు: ఎన్ని మోటార్లున్నాయి, ఏ ఫేజు మీద బరువు పడుతోంది, కెపాసిటర్లు ఎవరికి లేవు, సప్లై రాగానే అందరూ ఒక్కసారి వెయ్యకుండా వరస పెట్టుకోగలరా. ఒక ఊళ్ళో రైతులు వినలేదు, అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. మిగతా చోట్ల చాలావరకు విన్నారు. ఎర్త్ పిట్‌లో నీళ్ళు పోసే బాధ్యత పక్క పొలం రైతులే తీసుకున్నారు. ఇతరులకి ఉపయోగపడాలన్న ప్రేరణను సాధన ప్రేరణకి వేరుగా చూడాలని మన మనస్తత్వవేత్త ఉదయ్ పారీక్ 1960ల్లో ప్రతిపాదించారు. ఇక్కడ ఆ రెండూ ఒకదాన్నొకటి లాగాయి. పేజీలో అంకె బాగుపడటం ఒక తృప్తి. "కరెంటాయన పోయినేడాది లాగా కాదు, చూసుకుంటున్నాడు" అని ఊళ్ళో అనుకోవడం ఇంకో తృప్తి. రెండోది వచ్చాక మొదటిదాన్ని మేం గుర్తుచేయాల్సిన పని పడలేదు.

అందనిది

ఔట్‌సోర్సింగ్ కుర్రాళ్ళ దగ్గర ఈ పద్ధతి తడబడింది. స్తంభం ఎక్కేది, ఆయిల్ మోసేది చాలాచోట్ల వాళ్ళే, పేజీ మీద పేరు లైన్‌మేన్‌ది. ఒకతను నవ్వుతూనే అడిగాడు: "అన్న పేరు గద్దె మీదుంది. నా పేరు ఎక్కడుంది సార్?" తర్వాత పేజీ మీద పనిచేసినవాళ్ళందరి పేర్లూ రాయించాం. అది న్యాయమే, కానీ అతని అసలు ప్రశ్న జీతం గురించి, పర్మినెంటు గురించి. దానికి ఈ పేజీలో జవాబు లేదు, ఉన్నట్టు నటించకూడదు కూడా. తక్కువ జీతాన్ని గుర్తింపుతో పూడ్చాలని చూస్తే మనుషులు ఇట్టే పసిగడతారు.

రిటైర్మెంటుకి దగ్గరగా ఉన్న ఒకాయన ఏ ట్రాన్స్‌ఫార్మర్‌నీ ఎంచుకోలేదు. ప్రమోషన్ విషయంలో ఆయనకి పాత అన్యాయం ఒకటి ఉంది, ఫైలు కదలడం లేదు. బలవంతపెట్టలేదు. టెస్టర్ ఎలా పట్టాలో కుర్రాళ్ళకి మాత్రం ఆయనే నేర్పాడు, అదీ ఎవరూ అడక్కుండానే.

ఫలితం

ఆ రబీలో ఎంచుకున్న ట్రాన్స్‌ఫార్మర్లలో కాలినవి నిరుటి కంటే బాగా తగ్గాయి. అంకెలు వెయ్యడం లేదు. ఒక సెక్షన్, ఒక సీజన్, పైగా ఆ ఏడు భూగర్భజలం కాస్త నయం. మోటార్ల లోడ్ తగ్గడంలో వాన వాటా ఎంత, పేజీ వాటా ఎంత అన్నది ఈ చిన్న లెక్కతో తేలదు. నేను ఎక్కువగా నమ్మేది ఇంకో ఆనవాలు: ఎంచుకోని ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యూజు పెట్టెల్లోనూ సరైన తీగ కనిపించడం మొదలైంది. దాన్ని ఎవరూ అడగలేదు, ఎక్కడా లెక్కపెట్టలేదు.

తర్వాత ఏఈకి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన మంచి ఉద్దేశంతోనే ఆ పేజీలను ఎక్సెల్‌లోకి ఎక్కించి వారం వారం పైకి పంపడం మొదలుపెట్టారు. పైన వాటితో సెక్షన్లకు ర్యాంకులు కట్టారు. కొద్ది వారాల్లోనే ఆయిల్ మట్టం గడిలో అందరిదీ "ఓకే", తీగ గడిలో అందరిదీ "ఓకే". పుస్తకం అదే, గడులు అవే. ఏడీఈ గారి సంతకమున్న కాగితాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. అయినా పేజీ ఎవరు చదువుతున్నారో తెలియగానే ఏం రాయాలో మనుషులకి తెలిసిపోయింది.

ఇలాంటి పిలుపు వస్తే ఇప్పుడు నేను ముందు చూసేది ఉద్యోగుల వైఖరి సర్వేని కాదు, వాళ్ళ మీద ఏ అంకెలు పైకి వెళ్తున్నాయన్నది. ఆ అంకె బాగుపడటానికి అడ్డదారి ఏదో కింది ఉద్యోగిని అడిగితే ఒక పూటలో చెప్పేస్తాడు. తర్వాత, బాగా చేస్తే ఏమీ జరగని పనులేవో వెతుకుతాను. ప్రేరణ లేదని ఫిర్యాదు వచ్చే చోట అలాంటి పని తప్పకుండా ఒకటి ఉంటోంది, దానికి ఎక్కడా పేజీ ఉండటం లేదు.

డీఈ గారు ఈ పద్ధతిని డివిజన్ మొత్తానికి విస్తరించమని అడిగారు. ఒప్పుకుంటూ మూడు షరతులు రాసిచ్చాను: లక్ష్యాన్ని లైన్‌మేనే ఎంచుకోవాలి, ఏఈకీ ఒక పేజీ ఉండాలి, పుస్తకాలు సెక్షన్ దాటి పైకి వెళ్ళకూడదు. మొదటి రెండింటికీ ఆమోదం వచ్చింది. మూడోదాని పక్కన "చర్చించవలెను" అని రాసి ఫైలు వెనక్కి పంపారు.